సుద్ద మీద తడి గీత

మొన్న మంగళవారం కోహీర్ అవతలి నుంచి ఒక రైతు చెరుకు గానుగ షాఫ్టును ట్రాలీలో వేసుకొచ్చి నా వర్క్‌షాపు ముందు దింపాడు. తిరిగేటప్పుడు టక్కుటక్కుమంటోందట. ఎక్కడైనా పగిలిందేమో చూసి చెప్పమన్నాడు. ఇప్పుడు ఇలాంటివి చూడడానికి రకరకాల మందుల డబ్బాలు వచ్చాయి గానీ నేను మాత్రం పాత పద్ధతే పట్టుకుని వేలాడుతున్నాను. ఒక రాత్రంతా ఇనుమును కిరసనాయిలు తొట్టిలో ముంచి ఉంచాలి. పొద్దున తీసి పొడిబట్టతో బాగా తుడవాలి. సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి గోడకు సున్నం వేసినట్టు పైన పూయాలి. అది ఆరి తెల్లబడ్డాక, వెంట్రుకంత పగులున్నా సరే, అందులో దాక్కున్న కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి సుద్ద మీద తడి గీతగా కనిపిస్తుంది.

బుధవారం పొద్దున గీత కనిపించింది. చూపుడువేలంత పొడవు. కిరసనాయిలూ సుద్దా కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా కుడిచేతిలో ఉన్న బట్టను నేను పక్కన పడేశాను. ప్రతిసారీ అంతే. గీత కనబడిన చోట నా చేతిలో బట్ట ఉండకూడదు. నాతో పనిచేసేవాళ్లు అదేదో పట్టింపు అనుకుంటారు. అనుకోనీ. దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆయనకు నేను చేసిన అన్యాయం ఉంది. పన్నెండేళ్లుగా ఆ మాట మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

ఆయన పేరు శరణప్ప. జహీరాబాద్‌లో అందరూ శరణప్ప సేటు అనేవాళ్లు. పెద్దలు కర్ణాటక వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఇంట్లో కన్నడం, బజారులో ఉర్దూ, పనిలో తెలుగు. సేటు అన్నారు కదా అని పెద్ద ఆస్తిపరుడనుకోకండి. బీదర్ రోడ్డు మీద రేకుల కప్పు కింద రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఇనుము కోసే ఒక మిషన్ రంపం, అంతే ఆయన రాజ్యం. నేను ఝరాసంగం పక్క పల్లె నుంచి ఐటిఐలో టర్నర్ పని నేర్చుకుని వచ్చాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. లేత్ మీద ఆడదాన్ని నిలబెట్టడానికి పట్టణంలో ఎవరికీ మనసు రాలేదు. ఒకాయనైతే చాయ్ పెట్టడం వచ్చా అని అడిగాడు. ఒళ్లు మండి, ఆ మంటతోనే శరణప్ప సేటు షెడ్డులోకి వెళ్లి, "నాకు చాయ్ పెట్టుడు రాదు, లేత్ వస్తది, పెట్టుకుంటరా?" అన్నాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "చాయ్ నేను మస్తు పెడ్త బిడ్డా. నువ్వు మిషన్ మీదికి నడు," అన్నాడు.

మొదటి వారంలోనే ఒకటి జరిగింది. బోరుబావి మోటారు బుష్ ఒకటి చెక్కుతున్నాను. ఆయన అటుగా వెళ్తూ, "ఎంతకొచ్చింది?" అని అడిగాడు. కొలిచి చాలాసేపయింది. అయినా తడుముకోకుండా "ముప్పై రెండున్నర" అన్నాను. ఆయన మిషన్ ఆపి, కొలిచే వెర్నియర్ నా చేతిలో పెట్టాడు. ముప్పై రెండే ఉంది. "తక్కువైనందుకు గాదు," అన్నాడు, "ఇంకోటి చేస్కుందం. నీకు తెల్వనప్పుడు తెల్వదు అనలే. గదీ నా కోపం. తెల్వదు అంటె నేను కొల్సుకుంట. తెల్సు అంటె ఇగ నేనెందుకు చూస్త?" ఆ మాట అప్పుడు నాకు పెద్దగా తలకెక్కలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. చెప్పొద్దూ, ఆ వయసులో నాకు తెలియదు అనడమంటే ఓడిపోవడమే. ఆడదానివి నీకేం తెలుసు అని అడిగేవాళ్ల మధ్య పెరిగినదాన్ని, ఎలా అంటాను?

సేటుకు ఒక పిచ్చి ఉండేది. తోపులు చేయడం. తోపు అంటే ఫిరంగి, పాత కోటల బురుజుల మీద కనిపించేది. చిన్నప్పుడు ఆయన తాతగారి ఊళ్లో రంజాన్ ఉపవాసం విడిచే వేళకు బురుజు మీద తోపు పేల్చేవాళ్లట. తాత భుజమ్మీద కూర్చుని విన్న ఆ చప్పుడు ఆయన కడుపులో అలాగే ఉండిపోయింది. "చెవుల గాదు బిడ్డా, ఇక్కడ ఇనబడేది," అని బొడ్డు మీద చెయ్యి వేసి చూపించేవాడు. నాకు తెలిసేనాటికే రెండు చిన్న తోపులు చేశాడు. ఒకటి మూరెడు, ఒకటి ఇంకాస్త పెద్దది. గుండు వేసి కాల్చడం ఆయనకు అసహ్యం. పేలుడు మందు, దాని మీద కాగితపు ఉండ, అంతే, చప్పుడు కోసమే. అయినా దానికి కావలసిన అనుమతులన్నీ ఉండేవి. ఏటా కంది కోతలయ్యాక, పొలాలు ఖాళీ అయినప్పుడు, మొగుడంపల్లి దారిలో ఆయనకున్న రాళ్ల చెలకలో, అదే మెట్టపొలంలో, ఒక్క పూట కాల్చడానికి పైనుంచి కాగితం తెచ్చుకునేవాడు. ఆయన భార్య నీలమ్మ, "నాకు ఇంట్లనే ఇద్దరు సవతులున్నరు, ఇద్దరూ ఇనుపవాళ్లే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

ఆ పిచ్చిలో మళ్లీ ఆయనకున్నంత జాగ్రత్త నేను ఏ ఆపరేషన్ థియేటర్‌లోనూ ఉంటుందనుకోను. మందు తెచ్చేది ఖాసిం చాచా. పెళ్లిళ్లకూ ఉర్సులకూ బాణసంచా చేసే లైసెన్సున్న మనిషి, సేటుకు చిన్ననాటి దోస్తు. ఆయన తప్ప మందుపెట్టె మూత ఎవరూ ముట్టకూడదు. పెట్టె తోపుకు ముప్పై అడుగుల దూరంలో, గాలి వచ్చే వైపు ఉండాలి. ఒకసారి పేలిన గొట్టంలో నిప్పు రవ్వ మిగులుతుందని తడిబట్ట చుట్టిన కర్రతో రెండుసార్లు తుడవాలి. మందు కూరేటప్పుడు కర్రను పిడికిలితో పట్టుకోకూడదు, అరచెయ్యి తెరిచి నెట్టాలి. గొట్టం మూతి ముందు నిలబడకూడదు. పొడవాటి వత్తి అంటించి అందరూ మట్టికట్ట వెనక కూర్చోవాలి. వీటన్నిటికీ మించి ఒక ఆచారం ఉండేది. ఎవరు ఏ పని చేశారో వాళ్లను పేరు పెట్టి అడిగేవాడు, వాళ్లు గట్టిగా జవాబు చెప్పాలి. అదీ రెండుసార్లు. ఒకసారి షెడ్డులో బయలుదేరే ముందు, ఒకసారి చెలకలో మందుపెట్టె మూత తీసే ముందు. అడిగిందే అడుగుతారెందుకని ఒకసారి విసుక్కున్నాను. "మొదటిసారి నోరు చెప్తది బిడ్డా. రెండోసారికి మనిషి చెప్తడు," అన్నాడు.

ఒక ఏడాది చిన్న తోపు పలకలేదు. వత్తి కాలింది, పొగ వచ్చింది, చప్పుడు లేదు. మొగుడంపల్లి నుంచి చూడవచ్చినవాళ్లు గట్టు మీద కూర్చుని పకపకా నవ్వారు. "ఏం సేటూ, నీ తోపుకు జలుబు చేసిందా?" అని ఒకడు అరిచాడు. సేటు కట్ట వెనక నుంచి కదల్లేదు. గడియారం తీసి ముందు పెట్టుకుని అరగంట కూర్చున్నాడు, ఎవరినీ లేవనివ్వలేదు. ఎండకు మా నాలుకలు పిడచకట్టుకుపోయాయి. జనం విసిగి వెళ్లిపోయారు. అప్పుడు లేచి, పక్కనుంచి వెళ్లి, వత్తి రంధ్రంలో నీళ్లు పోసి పోసి మందంతా బురద చేసి బయటికి తీశాడు. "నవ్వితే నవ్వనీ," అన్నాడు ఖాసిం చాచాతో. "నవ్వినోడు ఇంటికి పోయి అన్నం తింటున్నడు గదా. గంతే కావాలె." ఆ రోజు ఆ మనిషి మీద నాకు మొదటిసారి గౌరవం పుట్టింది. అంతమంది నవ్వుతుంటే అరగంట కదలకుండా కూర్చోవడం నా వల్లనైతే కాదు.

మూడోది పెద్ద తోపు. అదే మా అందరి కొంప ముంచింది. మూతబడ్డ చక్కెర మిల్లులో పాత సామాను అమ్ముతుంటే ఒక లావుపాటి షాఫ్టు ఆయన కంటబడింది. నాలుగడుగుల పొడవు, మంచి ఉక్కు. రెండేళ్లు పట్టింది దాన్ని తోపు చేయడానికి. షెడ్డు పని అయిపోయాక సాయంత్రాలు ఒక గంట, ఆదివారాలు ఒక పూట. లోపలి బోరు, అంటే గొట్టం పొడుగునా ఉండే రంధ్రం, నేనే వేశాను. సేటు పక్కన కుర్చీ వేసుకుని, ఉక్కు కోసుకుపోయే చప్పుడు వింటూ, "ఇప్పుడు గట్టిగున్నది, మెల్లగ పో," అని చెవితోనే నడిపించేవాడు. వెనక భాగం మీద, మందు పేలే చోట, ఎడ్లబండి చక్రానికి కాల్చి ఎక్కించినట్టు ఒక ఇనుప పట్టా కాల్చి ఎక్కించాము. ఎర్రగా కాలిన పట్టా చల్లారుతూ గొట్టాన్ని బిగించుకుంటుంటే ఆయన మొహంలో వెలుగు చూడాలి. పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

ఆ వెలుగు ఎక్కువ కాలం ఉండలేదు. ఆయన ఎడమ చెవి ఎప్పుడో పోయింది, నలభై ఏళ్ల మిషన్ల మోతకు. కుడిచెవి కూడా మందగిస్తుంటే, తల తిరుగుతుంటే, హైదరాబాద్ తీసుకెళ్లి చూపించారు. చెవి నరం మీద గడ్డ ఉందన్నారు. తీయకపోతే ప్రాణానికి ముప్పు, తీస్తే వినికిడి మిగలదు. ఆ మాట నాకు ఆయనే చెప్పాడు, లేత్ మీద అరచెయ్యి ఆనించి, దాని అదురు చూసుకుంటూ. "సోమవారం పోవాలె దవాఖానకు. ఆదివారం చెలకకు కాగితం వచ్చింది. పెద్దదాన్ని ఒక్కసారి ఇంట. తర్వాత ఏమైతే గది." నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన నవ్వి, "ఏడ్వకు బిడ్డా, ఏడ్చినా నాకు సగమే ఇనబడ్తది," అన్నాడు.

శనివారం సాయంత్రం గొట్టాన్ని కిరసనాయిలు తొట్టిలో దింపాం. పాత షాఫ్టు కదా, ఏళ్లతరబడి మిల్లులో తిరిగి తిరిగి లోపల ఎక్కడైనా అలసిపోయి ఉంటుందని ఆయన భయం. ఆ పరీక్ష కాకుండా మందు కూరేది లేదన్నాడు. ఆదివారం పొద్దున ఆయనే రావలసింది. తల తిరుగుతోందని నీలమ్మ మంచం దిగనివ్వలేదు. నేనొక్కదాన్నే షెడ్డు తెరిచి, చెయిన్ పుల్లీతో గొట్టం పైకి లేపి, తుడిచి, సుద్ద పూసి, ఆరాక చుట్టూ తిరిగి చూశాను. మూతి దగ్గర ఏమీ లేదు. నడుము దగ్గర ఏమీ లేదు. వెనక పట్టా పక్కన, చూపుడువేలంత పొడవున, తడి గీత.

ఆ తర్వాత నేను చేసింది చెప్పడానికి చాలా సేపు పడుతుంది గానీ చేయడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. చేతిలో బట్ట ఉంది. తుడిచేశాను. గీతా పోయింది, చుట్టుపక్కల సుద్దా పోయింది. మళ్లీ కొంచెం సుద్ద కలిపి ఆ చోట పూశాను. అదీ ఆరింది. తెల్లగా, పొడిగా, ఏమీ ఎరగనట్టు ఉంది. ఆయన కోసమే ఆ పని చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మనిషి చెవులు పోయే ముందు ఒక్క చప్పుడు వింటానంటే అడ్డం పడడానికి నాకు చెయ్యి రాలేదని. అది సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, ఆ బోరు నాది, ఆ పట్టాకు కొలతలు తీసింది నేను. పగిలిందంటే నా పని పగిలిందని అందరూ అంటారు. ఆడమనిషి చేస్తే ఇంతే అంటారు. ఆ భయమే నా చేతిని ముందుగా కదిలించింది. ఇవాళ ఇది రాస్తుంటే కూడా నాకు సిగ్గుగానే ఉంది.

పది గంటలకు సేటు వచ్చాడు, నీలమ్మ భుజం పట్టుకుని. తెల్లటి ధోవతి, కొత్త చొక్కా. తోపు చుట్టూ తిరిగి ఒకసారి చేత్తో నిమిరి, కుడిచెవి నా వైపు తిప్పి అడిగాడు.

"సుద్ద చూసినవా?"

"చూసిన."

"ఏమన్న ఊరిందా?"

"ఏం లేదు సేటూ."

తల ఊపాడు. అంతే. తెలుసు అన్నాక ఇక ఆయన ఎందుకు చూస్తాడు?

సాయంత్రం నాలుగింటికి చెలకకు చేరాం. ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి తోపును దింపి, మట్టికట్టకు అవతల, చక్కల మీద నిలబెట్టాం. పెద్ద తోపు కాలుస్తారని తెలిసి ఆ ఏడు జనం ఎక్కువ వచ్చారు. ఆడవాళ్లు, పిల్లలు, చంకల్లో పసిబిడ్డలు. గట్టు పొడుగునా కూర్చున్నారు. కాగితంలో ఆరింటి దాకే అనుమతి. ఖాసిం చాచా మందుపెట్టె పక్కన నిలబడి మూత మీద చెయ్యి పెట్టాడు. సేటు ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. వత్తి ఎవరు కోసిన్రు, కట్ట వెనక ఎవరున్నరు, మూతి ముందు ఎవరన్న ఉన్నరా. జవాబులు వస్తున్నాయి. నా వంతు వచ్చింది.

"బిడ్డా, సుద్ద చూసినవా?"

నేను గట్టు వైపు చూశాను. ఒకామె బిడ్డకు చేత్తో చెవులు మూసి నవ్వుతోంది, ఇంకా మందు కూడా కూరలేదు, అప్పుడే మూసేసింది.

"గీత వచ్చింది సేటూ. తుడిచేసిన," అన్నాను.

ఆయనకు వినబడలేదు. "ఏంది?" అని కుడిచెవి ఇంకా దగ్గరికి తెచ్చాడు. ఖాసిం చాచాకు మాత్రం వినబడింది. ఆయన చెయ్యి మూత మీది నుంచి జారిపోయింది. నేను మళ్లీ చెప్పాను. మళ్లీ "ఏంది?" అన్నాడు. చివరికి గొంతు చించుకుని, గట్టు మీది జనమంతా వినేలా అరిచాను. "గీత వచ్చింది! నేనే తుడిచేసిన! అబద్ధం చెప్పిన!"

సేటు నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. కోపం కాదు. లెక్క తప్పినప్పుడు మళ్లీ మొదటి నుంచి చూసుకునేవాడి చూపు అది. తర్వాత ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"గీత పట్టాను తాకిందా? తాకలేదా?"

ఆ ప్రశ్న ఎందుకో నాకు అర్థమైంది. పట్టా అంచును తాకి మొదలైన గీత అయితే, రాత్రి పట్టా కిందికి చొరబడ్డ కిరసనాయిలు బయటికి కారిందన్నమాట, గొట్టానికేమీ కానట్టే. పట్టాకు దూరంగా, విడిగా ఉంటే పగులు. పొద్దున ఆయనను పిలిచి చూపించి ఉంటే ఒక్క చూపులో తేలిపోయేది. ఖాసిం చాచా ఆయన వెనక నిలబడి నాకు కళ్లతో సైగ చేస్తున్నాడు, తాకిందను, తాకిందను అని. ఆ ముసలాయనకూ తన దోస్తు ఆ చప్పుడు వినాలనే ఉంది. ఒక్క మాట చాలు. నేను కళ్లు మూసుకుని ఆ గీతను మళ్లీ చూడాలని ప్రయత్నించాను. గీత గుర్తుకొచ్చింది, నా బట్ట గుర్తుకొచ్చింది, గీత చివర ఎక్కడుందో గుర్తుకు రాలేదు. నేను దాన్ని చూడలేదు, తుడిచాను.

"తెల్వదు," అన్నాను.

ఆయన అక్కడున్న రాయి మీద కూర్చున్నాడు. కాసేపు తోపునే చూశాడు. "పెట్టె తీస్కపో ఖాసిం," అన్నాడు. నేను కాళ్ల దగ్గర కూలబడి బతిమాలాను. జనాన్ని పంపించేద్దాం, వత్తి ఇంకా పొడుగ్గా పెడదాం, మనమూ దూరం పోదాం, ఒక్కసారి కాలుద్దాం అన్నాను. ఆయనకు వినబడాలని అవన్నీ అరిచే చెప్పాను. "ఎంత దూరం పోదాం?" అని అడిగాడు. "ముక్క ఎంత దూరం పోతదో నీకు తెల్సా? నాకు తెల్వదు." జనం గొణుక్కుంటూ లేచారు. ఎవరో "సేటు తోపు తుస్సు" అన్నారు. అది ఆయనకు వినబడలేదు, అదొక్కటే ఆ సాయంత్రం జరిగిన మంచి.

తోపును అలాగే ఉంచొచ్చు కదా, మళ్లీ పరీక్ష చేసుకోవచ్చు కదా అని మీకనిపిస్తుంది. నేనూ అదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అనుమానం పడ్డ గొట్టం తను లేనప్పుడు షెడ్డులో ఉండకూడదు, ఆపరేషన్ బల్ల మీద తనకేమైనా అయితే రేపు ఎవడో తీసి కాలుస్తాడు, అంతే. దీపాలు పెట్టే వేళకు షెడ్డు తెరిపించి, తోపును మిషన్ రంపం కిందికి ఎక్కించమన్నాడు. రంపం నడిపింది నేనే. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, కుడిచెవి రంపం వైపు పెట్టి కూర్చున్నాడు. బోరు వేసిన రెండేళ్లూ ఎలా కూర్చున్నాడో అలాగే. ముందు పట్టా ఉన్న భాగం కోశాను, తర్వాత ఒక్కొక్క గాజులా ఏడు ముక్కలు. ఒక్కొక్కటీ చల్లారాక కోసిన మొహాన్ని నున్నగా రుద్ది, సుద్ద పూసి, ఆయన భూతద్దం పెట్టి చూశాడు.

ఏ ముక్కలోనూ పగులు లేదు. పట్టాను విప్పదీస్తే లోపలి వైపంతా కిరసనాయిలు తడి. వేలు పెట్టి, వాసన చూసి, "పట్టా కిందిది," అన్నాడు.

నీలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు విషయం అర్థమై ఏడుస్తూ, "మరి మంచిగనే ఉంటే ఎందుకు కోసిన్రు? కాల్చేది ఉండె గదా, ఇంటుంటిరి గదా," అంది. రెండుసార్లు అన్నాక ఆయనకు వినబడింది. "మంచిగున్నదని ఇప్పుడు తెల్సింది. అప్పుడు తెల్వదు గదనే," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "చెవులు ఎట్లనో పోతున్నయ్ బిడ్డా. నా కండ్లకు నువ్వున్నవనుకున్న. పొద్దుగాల నా కండ్లు గూడ తుడిచేసినవ్."

మర్నాడు పొద్దున ఆయన దవాఖానకు వెళ్లాడు. ప్రాణం దక్కింది. వినికిడి పోయింది. ఆయన చెవిన పడ్డ చివరి పెద్ద చప్పుడు ఆయన తోపుదే, కాకపోతే పేలింది కాదు, కోసింది. కోసింది నేను.

నెలరోజులు షెడ్డు వైపు పోలేదు. మొహం చెల్లలేదు. చివరికి నీలమ్మే షేర్ ఆటోలో మా ఊరికి వచ్చి, "మిషన్ మీద దుమ్ము పట్టింది, ఏంది నీ కథ, రమ్మంటున్నరు," అని రెక్క పట్టుకుని తీసుకెళ్లింది. సేటు తల చుట్టూ ఇంకా కట్టు ఉంది. ఒళ్లో ఒక పలక, సుద్దముక్క. నేను నిలబడగానే దాని మీద రాశాడు. "ఎందుకు రాలే?" నేను సుద్దముక్క తీసుకుని "తప్పు చేసిన" అని రాశాను. ఆయన దాని కింద రాశాడు. "అవ్. చేసినవ్. రెండోసారికి చెప్పినవ్ గూడ. నడు, పని జూడు." క్షమించానని ఆయన ఎప్పుడూ రాయలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. మిషన్ మీద అరచెయ్యి ఆనించి, కోత సరిగా పోతోందో లేదో చెప్పేవాడు. చిన్న తోపులు రెండూ ఖాసిం చాచాతో కలిసి నీళ్లలో ముంచి తుప్పు పట్టనిచ్చాడు, మళ్లీ చెలకకు పోలేదు. వినలేనివాడికి కాగితం ఎందుకని అడగడం మానేశాడు. నీలమ్మ కూడా మాటలు తగ్గించేసింది, సవతుల జోకు ఇక ఎవరికీ చెప్పలేదు. ఆయన చనిపోయే ముందరి చలికాలంలో ఒక మధ్యాహ్నం, షెడ్డు ముందు ఎండలో కూర్చుని, నన్ను పిలిచి పలక చూపించాడు. "పెద్దది కాల్చి ఉంటే చప్పుడు ఎట్లుంటుండె?"

సుద్దముక్క తీసుకున్నాను. ఏదైనా ఒక మంచి మాట రాయొచ్చు. మొగుడంపల్లి దాకా వినబడేదని, బొడ్డు దగ్గర అదిరేదని, తాతగారి ఊరి తోపులాగే ఉండేదని రాయొచ్చు. రాస్తే సంతోషించేవాడేమో కూడా. "తెల్వదు" అని రాశాను. ఆయన చదివి, నా మొహం చూసి, మెల్లగా తల ఊపాడు. పలక తుడవలేదు. ఆ మాటను అలాగే ఉంచి, పలకను కుర్చీ పక్కన గోడకు ఆనించి, ఎండలో కళ్లు మూసుకున్నాడు.

ఆ ఏడు ముక్కల్లో ఒకటి నా బల్ల మీద ఉంది. కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద పెడతాను. చేతిలోకి తీసుకుంటే ఇప్పటికీ బరువుగా, నిండుగా, ఎక్కడా చిన్న లోపం లేకుండా ఉంటుంది. అదే నన్ను చంపుతుంది. పగిలి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

బుధవారం పొద్దున ఆ రైతు మళ్లీ వచ్చాడు. సుద్ద మీది గీతను ఆయనకే చూపించాను, చుట్టూ పెన్సిలుతో గుర్తు కూడా పెట్టాను. "పలిగినట్టేనా అక్కా?" అని అడిగాడు. చెరుకు నరుకుడు మొదలయ్యే కాలం, ఆయన తొందర ఆయనది. ఇంకో రాత్రి ముంచి మళ్లీ చూస్తే గానీ చెప్పలేను, ఇప్పటికైతే తెలియదు అన్నాను. ఇన్నేళ్లుగా పని చేస్తున్నవు, గిది తెల్వదా అని విసుక్కుంటూ వెళ్లిపోయాడు. తెలియదు. నాకు తెలియనివి చాలా ఉన్నాయి. రాళ్ల చెలకలో, ఆ ఆదివారం సాయంత్రం, ఒక ముసలాయన కుడిచెవిలో పడవలసిన ఆ చప్పుడు ఎలా ఉండేదో కూడా నాకు తెలియదు.